సున్నా వరుసలో పిలుపు

“అత్తమ్మ మిమ్మల్ని ఏమని పిలుస్తుండె, మామయ్యా?”

మా కోడలు ఈ ప్రశ్న వేసినప్పుడు ఆమె ఒడిలో ల్యాప్‌టాప్ ఉన్నది. నా చేతిలో, నేనెంతో శ్రద్ధగా వ్రాసి తెచ్చిన పదాల కాగితం ఉన్నది. ఉద్యోగకాలమంతా పిల్లలకు సంబోధన ప్రథమా విభక్తిని బోధించినవాణ్ణి. ఎవరిని ‘ఓయి’ అనవచ్చునో, ఎవరిని ‘ఓరి’ అనవచ్చునో, ఎవరిని ‘ఓసి’ అనరాదో నల్లబల్ల మీద గీతలు గీసి చూపినవాణ్ణి. అయినా ఎంత వెదకినా, నా భార్య నోట నాకొక పేరుగానీ వరుసగానీ వినబడిన జ్ఞాపకం రాలేదు.

“ఏమనీ పిలిచేది కాదమ్మా,” అన్నాను.

“ఏం పిలువకనే గిన్నేండ్లు సంసారం జేసిండ్రా? మంచిగున్నది!” అని ఆమె నవ్వింది. “మీకు యాదికి లేకున్నా నాకున్నది. నేను పెడ్త తీయుండ్రి.”

ఆమె పెట్టిన మాట ఏమిటో చెప్పడానికి ముందు, అటువంటి మాటల పట్టిక మా ఇంట్లో ఎందుకు అవసరపడిందో చెప్పవలసి ఉన్నది.

నాట్లు పడుతున్న రోజులలో నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట, రెండూ ఒక్క ఉదయాననే పోయినవి. హైదరాబాదు దవాఖాననుండి మెదక్‌కు తీసుకొనివచ్చిన తరువాత కాలు కొంత కుదుటపడింది. ముఖానికి ఒక పక్క కదలిక తిరిగి వచ్చింది. మాట మాత్రం రాలేదు. హవేలిఘనపూర్ దిక్కు వరిమడుల మధ్య పెరిగిన మనిషి ఆమె. గట్టు మీద నిలబడి కేక వేస్తే రెండు మడుల అవతల నాటువేసేవారు తలెత్తి చూచే కంఠం. ఏడవ తరగతితో చదువు ఆగినా దినపత్రికను మొదటినుండి చివరిదాకా చదివేది. నేను పుస్తకం వదలక కూర్చుంటే వంటింట్లోనుండే, “ఇగో, పుస్తకం తింటరా, బువ్వ తింటరా? ఏదో ఒకటి చెప్పుండ్రి, గిన్నెలు కడుగాలె,” అని ఎత్తిపొడిచేది. అటువంటి కంఠంలో ఇప్పుడు పోలిక దొరకని ఒక ధ్వని మాత్రమే మిగిలింది.

మాటకు శిక్షణ ఇచ్చే వైద్యురాలు, మేము దవాఖాన వదిలే రోజున నన్ను పక్కకు పిలిచి ఇట్లా అన్నది: “నోటికి మాట రాకపోవడం ఒక సంగతి, లోపల మాట లేకపోవడం ఇంకో సంగతి. ఈమెకు ఏది జరిగిందో ఇంకా తెలియడం లేదు. రాసి ఉన్న మాటల్లోనుంచి తనకు కావలసినదాన్ని తానుగా ఎంచుకుంటే లోపల ఉన్నట్టే. ఇంటి దగ్గర ప్రయత్నించి, మళ్లీ వచ్చేటప్పుడు చెప్పండి. అందాకా ఆమె చెవిలో భాష పడుతూ ఉండాలి.”

తల ఊపడాన్ని నమ్మడానికి వీలులేకపోయింది. ‘నీళ్లు కావాలా?’ అంటే ఊపేది, తెచ్చి ఇస్తే తోసివేసేది, ‘వద్దా?’ అంటే దానికీ ఊపేది. నా జీవితంలో అధికభాగం ఎవరి మాటలు వింటూ గడిపానో ఆ మనిషి లోపల ఇప్పుడు భాష ఉన్నదో లేదో నాకు తెలియదు. తెలియని ఆ ఒక్క విషయం ముందు తెలిసినదంతా పొట్టులాగా తోచింది. ఆమె మంచం పక్కన కూర్చుని, మూసి ఉన్న ఇంటి తలుపు మీద చెవి ఆనించినవానివలె, ఆమె ముఖం వంకే చూచేవాణ్ణి.

మా కోడలు ముందు గదిలో కూర్చుని ఒక కంపెనీకి ప్రోగ్రాములు వ్రాస్తుంది. మా అబ్బాయి పొద్దున్నే బండి మీద చేగుంటకు ఉద్యోగానికి పోతే, పగలంతా ఇంట్లో మేము ముగ్గురమే. వైద్యురాలు చెప్పినది విన్న తరువాత ఆమె కొంతసేపు ఫోనులో ఏవేవో వెదికి, పెదవి విరిచింది.

“యాప్‌లు మస్తుగున్నయి మామయ్యా. గని కొన్ని ఇంగ్లీషు, కొన్ని టీవీ వార్తల తెలుగు. మన అత్తమ్మకు మనమే చేస్కుందాం. తెర మీద ఒక గడి ఉంటది. దాన్ని ఒత్తితే కిందికి లిస్టు జారుతది. అందుల ఒక మాట ఒత్తితే లిస్టు మూసుకుంటది, ఆ మాట బయటికి పలుకుతది. గంతే. మాటలు మీరు రాసియ్యుండ్రి.”

ఆ విధంగా నేను కాగితం తీసుకున్నాను. నేను వ్రాసినదాన్ని ఆమె పైకి చదివింది:

“‘జలము కావలెను.’ ‘భోజనము సిద్ధమైనదా?’ ‘వేదన కలుగుచున్నది.’ ‘శయనింపవలెను.’ ‘ఇక చాలును.’” చదివి, కాగితం మీదినుండి నన్ను చూచింది. “మామయ్యా, అత్తమ్మ గిట్ల ఎప్పుడన్న మాట్లాడిందా? మంచాన పడ్డ మనిషి లెక్క లేదు, యుద్ధానికి పోయే రాజు లెక్కున్నది.”

మంచం మీద నా భార్య పెదవి ఒక పక్కకు సాగింది.

“చూచావా! ఆమెకు అర్థమైంది!” అని నేను కుర్చీలోనుండి లేచాను.

“నేను నవ్విన గద. నన్ను జూసి నవ్విందో ఏమో,” అన్నది కోడలు, ఆశ పెట్టుకొనడానికి భయపడుతూ. నేను మళ్లీ కూర్చున్నాను.

నా మాటలన్నిటినీ కొట్టివేసి ఆమె వేరే మాటలు వ్రాసింది. ‘నీళ్లు’, ‘బువ్వ’, ‘చాయ్’, ‘నొస్తుంది’, ‘ఫ్యాన్ బందు’, ‘సాలు’, ‘వద్దు’, ‘బయట కూసుంట’. వీటన్నిటికీ పైన, నేను జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నకు జవాబుగా, ‘ఇగో’ అని పెట్టింది.

“అది సంబోధన కాదమ్మా,” అన్నాను. “‘ఇదిగో’ అనే మాట అరిగి అట్లా అయింది. ఎదుట ఉన్న వస్తువును చూపడానికి వాడుతారు. మనిషిని పిలవడానికి కాదు.”

“మరి అత్తమ్మ పొద్దందాక ఏ వస్తువును సూపెట్టింది? ఆమె ఇగో అంటే మీరు ఊఁ అంటనే ఉంటిరి గద!” అని, ఆ మాటను టైపు చేస్తూ, “ఇంగ్లీషుల ఇగో అంటే అహంకారం. ఎట్ల జూసినా మీ పేరే, మామయ్యా,” అన్నది.

నేను ఆమె పక్కకు కుర్చీ జరుపుకొని చూచాను. నల్లని తెర మీద రంగురంగుల ఇంగ్లీషు ఆజ్ఞలు బారులు తీరి ఉన్నవి. వాటి నడుమ, రెండు బ్రాకెట్ల లోపల, మధ్య మధ్య కామాలతో ఎడం చేసుకొని, తెలియని ఊరి బస్టాండులో ఒకే బల్ల మీద సర్దుకొని కూర్చున్న మన ఊరివాళ్లలాగా మన మాటలు ఉన్నవి. నీళ్లు, బువ్వ, చాయ్. ఆ ఆజ్ఞలలో ఒక్కటీ నాకు తెలియదు. ఆ బల్ల మీద కూర్చున్నవారందరూ తెలుసు.

“వీటికి నంబర్లుంటయి,” అని ఆమె వేలితో చూపింది. “ఇగో సున్న, నీళ్లు ఒకటి, బువ్వ రెండు.”

“మొదటిది ఒకటి కావాలి కదా?”

“దీంట్ల మొదటిది సున్ననే. ఎందుకని అడుగకుండ్రి, పొద్దుమూకుతది.”

లెక్క మొదలుకాక ముందే ఒకటి వచ్చి కూర్చుని ఉన్నదన్న మాట నాకు వింతగా తోచింది. అంతకన్నా వింత మరొకటి ఉన్నది. పట్టిక జారిన తరువాత ఈ ఆజ్ఞలన్నీ ఏమి చేస్తాయని అడిగాను.

“ఏం జెయ్యవు. ఆగుతయి. అత్తమ్మ ఒత్తేదాక ఆగుతయి.”

“ఎంతసేపు?”

“ఎంతసేపైనా. ఛార్జింగ్ ఉండాలె, గంతే.”

వరం కోరుకొమ్మని చెప్పి దేవతలు ఎదుట నిలబడిపోవడం పురాణాలలో చదివాను. చదివినప్పుడు ఆ వరాల వైభవాన్ని గురించే ఆలోచించాను తప్ప, ఆ నిలబడడాన్ని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. మా వ్యాకరణంలోనూ వికల్పం ఉన్నది. సంధి వైకల్పికమైన చోట ‘ఏమంటివి’ అన్నా ఒప్పే, ‘ఏమియంటివి’ అన్నా ఒప్పే. రెండు రూపాలూ ఒకే ఇంట్లో కాపురముంటాయి, ఎవరూ దేనినీ తోసివేయనక్కరలేదు. ఈ తెర మీది వికల్పం అట్టిది కాదు. ఒకదానిని తాకితే తక్కినవన్నీ మౌనం వహిస్తాయి. కనుకనే తాకేవారి ఇష్టానికి ఇంత గౌరవం. మాటలన్నిటినీ ముందు పరచి, తొందరపెట్టక, ఊహించి తానే నోట పెట్టక, నీకు కావలసినది నీవే తీసుకొమ్మని ఆగి ఉండడం! నేనూ నా భార్య ముందు కూర్చుని ‘నీళ్లా, అన్నమా, నొప్పా’ అని ఆమె రెప్ప వేసేలోగా ప్రశ్న మీద ప్రశ్న గుప్పించినవాణ్ణే. ఆ యంత్రానికి ఉన్న ఓపిక నాకు లేదు.

పని పూర్తయిన మధ్యాహ్నం కోడలు తన పాత టాబ్లెట్టును తెచ్చి నా భార్య ఎడమచేతి కింద పెట్టింది. గడిని తాకి చూపింది, పట్టిక జారింది, ‘నీళ్లు’ను తాకింది. ఎవరో తెలియని యువతి కంఠం ‘నీళ్లు’ అన్నది. అది నా భార్య గొంతు కాదు, మనిషి గొంతే కాదు. అయినా ఆ గదిలో మాట పుట్టింది.

“ఇగ మీరు ఒత్తుండ్రి అత్తమ్మా.”

నా భార్య ఎడమచేతి వేలితో గడిని తాకింది. పట్టిక జారింది. వేలు కదిలింది. పట్టిక మూసుకుంది. ఏ ధ్వనీ రాలేదు. మళ్లీ తాకింది, జారింది, మూసుకుంది. నిశ్శబ్దం.

“అలవాటైతది,” అన్నది కోడలు.

అలవాటు కాలేదు. మరునాడూ అంతే, ఆ పై రోజులలోనూ అంతే. వైద్యురాలు చెప్పినట్లు ఆమె చెవిలో భాష పడాలని నేను మంచం పక్కన కూర్చుని ప్రాచీన కావ్యాలలోని పద్యాలను రాగయుక్తంగా చదివేవాణ్ణి. ఆ సమయంలోనే ఆమె టాబ్లెట్టును తరచుగా తాకేది. తెరిచేది, మూసేది. నేను చదువు ఆపి ఆశగా చూచేవాణ్ణి. ఏమీ వినబడేది కాదు. ఆమె నన్ను ఒక్కక్షణం చూచి, ముఖం తిప్పుకొనేది. నేను మళ్లీ పద్యం అందుకొనేవాణ్ణి. మూత ఉన్న డబ్బా దొరికిన పసిపాప దాన్ని తీస్తూ పెడుతూ ఉంటుంది కదా, అట్లా ఉన్నది అని నాకు అనిపించి, ఆ తలపును తోసివేయడానికి గొంతు పెంచి చదివేవాణ్ణి.

మా అబ్బాయి ఒక సాయంత్రం ఇంటికి వచ్చి కొంతసేపు నిలబడి చూచాడు. వాకిట్లోకి వచ్చిన తరువాత మెల్లగా అన్నాడు: “అమ్మకు సమజైతలేదు కావచ్చు బాపూ. మీరు పరేషాన్ గాకుండ్రి. డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్దాం.”

చెప్పవలసిన రోజు దగ్గర పడింది. లోపల మాట లేదని నా నోటితో నేను ఎట్లా చెప్పాలి? ఆ చెప్పే మాట కోసం నేను కూడా వెదుకుతున్నాను. నాకు కూడా ఏ పట్టికా సహాయం చేయలేదు.

దవాఖానకు పోవలసిన రోజుకు ముందటి ఉదయం పద్యం చదువుతుండగా ఆమె మళ్లీ తెర తాకింది. ఆ రోజు నేను ఆమె ముఖాన్ని చూడలేదు. వేలిని చూచాను. పద్యంలో యతి ఎక్కడ పడిందో చూచే కన్ను నాది. ఏది ఎక్కడ పడుతున్నదో గమనించడం దానికి స్వభావం. తెరుచుకున్న పట్టికలో ఆ వేలు అన్నిటికన్నా పై వరుస మీద పడింది. పట్టిక మూసుకుంది. కాసేపటికి మళ్లీ తెరిచింది. మళ్లీ పై వరుసే. మూడవసారీ అక్కడే పడింది.

నేను పుస్తకం అట్లాగే చేతపట్టుకొని ముందు గదిలోకి పోయాను.

“అమ్మా, ఆమె వేలు ప్రతిసారీ ఒకే చోట పడుతున్నది. ఊరికే ఆడుకొనేదైతే అక్కడొకసారి ఇక్కడొకసారి పడాలి కదా?”

“ఏ చోట?”

“అన్నిటికీ పైన.”

కోడలు చెవులలోని ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, లేచి వచ్చి, అత్తగారి ఒడిలోని టాబ్లెట్టును చేతిలోకి తీసుకున్నది. పట్టిక తెరిచి ‘నీళ్లు’ను తాకింది. ‘నీళ్లు’ అన్నది యంత్రం. మళ్లీ తెరిచి ‘ఇగో’ను తాకింది. పట్టిక మూసుకుంది. నిశ్శబ్దం.

“అయ్యో! అయ్యో అత్తమ్మా!” అని ఆమె మంచం అంచున కూలబడింది.

“ఏమయింది?”

“నాదే తప్పు మామయ్యా. లిస్టు తెరిచినప్పుడు మొదటి మాట ముందుగాలనే ఎంచి ఉంటది. మాట మారితేనే మిషిన్‌కు తెలుస్తది. ఎంచి ఉన్నదాన్నే మళ్ల ఎంచితే దానికి ఏం మారనట్టు, ఏం జరగనట్టు. అందుకే పలుకది. నేను మొదలు జూసినప్పుడు మంచిగనే పలికింది. తర్వాత, ప్రతిసారి లిస్టు మళ్ల మొదటి మాటకే వచ్చేటట్టు పెట్టిన, అత్తమ్మకు ఎతుకులాట లేకుంట అల్కగైతదని. అప్పటిసంది ఇగో ఒక్కటి పలుకుతలేదు.”

నేను ఆ మాటలను ఒక్కొక్కటిగా నమిలి అర్థం చేసుకున్నాను. ముందే ఎంచబడి ఉన్నదానిని మళ్లీ ఎంచుకుంటే యంత్రానికి వినబడదు. అయితే ఇన్నాళ్లూ తెరుచుకుని మూసుకున్న ఆ పట్టిక డబ్బా మూత కాదు. నేను చెయ్యి చాపితే అందేటంత దూరంలో కూర్చుని పద్యాలు చదువుతున్నాను. ఆమె నన్ను పిలుస్తూనే ఉన్నది.

“మరి ‘నీళ్లు’ను ఎందుకు తాకలేదు? ‘చాయ్’ను ఎందుకు తాకలేదు? అవి పలుకుతాయి కదా?” అని, అనుమానం పూర్తిగా తీరక అడిగాను.

కోడలు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “అత్తమ్మ ఎప్పుడన్న ఇగో అనకుంట మీతోని మాట షురూ జేసిందా?”

అప్పుడు వినబడినవి నాకు. ఇగో, బువ్వ తింటరా. ఇగో, పాలాయన వచ్చిండు. ఇగో, వాన వస్తుంది, బట్టలు తియ్యుండ్రి. ప్రతి వాక్యానికీ గడపలాగా ఆ మాట. పిలిచి, నేను ఊఁ అన్న తరువాతనే ఆమె సంగతి చెప్పేది. పిలుపు అందకుండా కోరిక చెప్పడం ఆమె మర్యాదలో లేదు. నేను ఊఁ అనలేదు కనుక ఆమె గడప దగ్గరే ఆగిపోయింది; పట్టికలో కిందికి దిగలేదు. భాష పోయిన మనిషి కాదు. భాషలోని మర్యాదను కూడా పోనీయని మనిషి.

“బాగుచేయగలవా?” అన్నాను.

“అల్కనే. సున్న కాడ ఖాళీ పెడ్త. ఊరికే ఒక ఖాళీ వరుస. మిషిన్ దాన్ని ఎంచుకొని కూసుంటది. ఇగో ఒకటికి దిగుతది.” బ్రాకెట్ల లోపల, అన్నిటికన్నా ముందు, రెండు కొటేషను గుర్తుల మధ్య ఏమీ లేకుండా ఆమె ఒక వరుస చేర్చింది. “ఇక్కడ ‘ఎంచుకోండి’ అని రాస్తరు అందరు. ఏమన్న రాయాల్నా?”

‘ఎంచుకొనుము’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగివేసి, “వద్దమ్మా, ఖాళీగానే ఉంచు,” అన్నాను. సున్నా స్థానంలో శూన్యం. ఏదీ కాని ఒకటి అక్కడ కూర్చుంటేనే తక్కిన మాటలన్నిటికీ ఎంచబడే యోగ్యత కలుగుతున్నది. దీని ముందు ఏ అలంకారశాస్త్రాన్ని పెట్టగలను?

టాబ్లెట్టును మళ్లీ ఆమె చేతి కింద పెట్టినప్పుడు మేమేమీ చెప్పలేదు. చెబితే పరీక్ష అవుతుందని కోడలు అన్నది. నేను కుర్చీలో కూర్చుని, వదిలిన పద్యాన్నే అందుకున్నాను. రాగం కుదరలేదు. రెండవ పాదం సగంలో ఉండగా ఆమె వేలు లేచింది. పట్టిక జారింది.

“ఇగో,” అన్నది యంత్రం.

నేను ఏమీ ఆలోచించలేదు. ఏండ్ల తరబడి అలవాటైన నోరు దానంతట అదే పలికింది: “ఊఁ.”

నా భార్య నా వంక చూచింది. ఈసారి ముఖం తిప్పుకొనలేదు. పట్టికను మళ్లీ తెరిచింది. వేలు కిందికి బయలుదేరింది; నీళ్లను దాటింది, బువ్వను దాటింది, చాయ్ దగ్గర కొంచెం తటపటాయించింది, నొప్పిని దాటింది, ఫ్యాన్‌ను దాటింది. వేలు ఆగింది.

“సాలు,” అన్నది యంత్రం.

ఒక్కక్షణం ఎవరికీ అర్థం కాలేదు. నా భార్య చూపు నా చేతిలోని పుస్తకం మీదికి పోయింది.

కోడలు గోడకు ఒరిగి, కొంగు నోట కుక్కుకొని, కన్నీళ్లు కారేటట్లు నవ్వింది. “మామయ్యా! మీ పద్యాలు సాలంట! గిన్ని దినాలసంది గదే చెప్పాల్నని చూస్తుంది పాపం!”

నేను పుస్తకం మూశాను. ‘సాలు’ అన్న మాటను ఎన్ని నోటుపుస్తకాలలో ఎర్రసిరాతో ‘చాలు’ అని దిద్ది ఉంటాను! ఆ రోజు ఆ మాటలో దిద్దవలసినది నాకొక్క అక్షరమూ కనబడలేదు. ఇంత పరిపూర్ణమైన వాక్యాన్ని నేను ఏ కావ్యంలోనూ చదవలేదు. నా భార్య ముఖంలో కదిలే పక్క అంతా నవ్వు. కదలని పక్క కూడా ఆ నవ్వు కోసం ఎదురుచూస్తున్నట్లే ఉన్నది.

కోడలు అప్పటికప్పుడు వైద్యురాలికి ఫోను చేసింది. “ఉన్నయి డాక్టరమ్మా! లోపల అన్ని ఉన్నయి. తిట్లు సుత ఉన్నట్టున్నయి, అవింక లిస్టుల పెట్టలే,” అని ఆమె చెబుతుంటే నేను విన్నాను. అవతల ఏమన్నదో గానీ, ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం ‘బయట కూసుంట’ అన్న మాట కూడా వెలువడింది. కుర్చీలు వాకిట్లో వేసుకున్నాము. దూరంగా మెదక్ చర్చి గోపురం మీద ఎండ ఇంకా ఉన్నది. వీధిలో ఆటోలు పోతున్నవి. టాబ్లెట్టు ఆమె ఒడిలో ఉన్నది. కొంతసేపటికి, “ఇగో,” అని వినబడింది.

“ఊఁ,” అన్నాను.

పట్టిక జారింది. నేను తరువాతి మాట కోసం ఆగాను. తొందరపెట్టలేదు, ఊహించలేదు, ఆగడం ఆ యంత్రాన్ని చూచి కొంత నేర్చుకున్నాను. ఆమె వేలు పట్టిక మీద పైకీ కిందికీ తీరికగా తిరిగింది. చివరికి అన్నిటికన్నా పైకి పోయి, ఖాళీ వరుసను తాకింది. పట్టిక మూసుకుంది. ఏ ధ్వనీ రాలేదు. ఆమె కుర్చీలో వెనుకకు వాలి వీధిలోకి చూస్తూ కూర్చున్నది.

గడపలోనుండి కోడలు ఆందోళనగా తొంగిచూచింది. “మళ్ల పని జేస్తలేదా, మామయ్యా?”

“చేస్తున్నదమ్మా,” అన్నాను. “దాన్ని ఇంకేమీ మార్చకు.”